దుకాణం లెక్కలు తెరుచుకోని రోజు: చిన్న వ్యాపారాల డేటా పునరుద్ధరణకు సమస్య - పరిష్కారం

విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ కార్యాలయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ నాలుగైదు కంప్యూటర్లుంటాయి. వాటిలో అందరూ ‘సర్వర్’ అని పిలిచే ఒక మామూలు కంప్యూటరులో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ డేటా, ఎక్సెల్ ఫైళ్లు, స్కాన్ చేసిన బిల్లులు ఉంటాయి. వారానికి మూడు పూటలు వచ్చే అకౌంటెంటు వెళ్లేముందు ఒక పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీస్తారు. ఇలాంటి చోట కంప్యూటర్లు చూసే పనిలో ఉన్నవాడిగా, ఏ ఫిర్యాదు వచ్చినా నేను మొదట అడిగేది ఒకటే: ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటరులో తెరిచి చూసింది ఎప్పుడు? దీనికి తేదీతో సహా జవాబు చెప్పగలిగిన వ్యాపారం ఏ ప్రమాదం నుంచైనా కొన్ని గంటల్లోనో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లోనో తేరుకుంటుంది. బ్యాకప్ తీస్తూనే ఉన్నామన్న మాట ఒక్కటే జవాబైతే, కింది సమస్యల్లో ఏదైనా ఎదురు కావచ్చు.

సమస్య: సర్వర్ కంప్యూటరు ఆన్ కావడం లేదు, లేదా హార్డ్‌డిస్క్ టక్ టక్ మంటోంది

డిస్క్ లోపలి భాగాలు అరిగిపోవడమో, పాత యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేయడంతో కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటరు ఉన్నపళంగా ఆగిపోవడమో దీనికి సాధారణ కారణం. టక్ టక్ శబ్దం వినిపిస్తే వెంటనే కంప్యూటరు ఆపేసి, ఆ డిస్క్‌ను మళ్లీ ఆన్ చేయకుండా పక్కన పెట్టాలి. మరమ్మతు పేరుతో విండోస్‌లోని చెక్‌డిస్క్‌ను నడపడం, ఆపి ఆపి ఆన్ చేసి చూడడం వల్ల, డేటా రికవరీ ల్యాబ్ బయటికి తీయగలిగిన డేటా కూడా చేజారిపోతుంది. కదిలే భాగాలు లేని కొత్త రకం డిస్క్‌లైన ఎస్‌ఎస్‌డీల విషయం ఇంకా కఠినమైనది. అవి చాలాసార్లు ఏ శబ్దమూ హెచ్చరికా లేకుండానే పోతాయి.

కంప్యూటరు బాగా నడుస్తున్న రోజుల్లోనే నెలకొకసారి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో డిస్క్ ఆరోగ్యం చూసుకోవచ్చు. అందులో డిస్క్‌లో చెడిపోయిన భాగాల లెక్క చూపే 05, సీ5, సీ6 అనే వరుసల్లో విలువలు పెరుగుతుంటే, కంప్యూటరు నిక్షేపంగా పనిచేస్తున్నట్టు కనిపించినా ఆ వారంలోనే డిస్క్ మార్చాలి.

ఇక్కడే మరో చిక్కు ఉంది. విండోస్ 11తో వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేకుండా చదవలేని రూపంలో ఉంటుంది. మదర్‌బోర్డు కాలిపోయి, డిస్క్‌ను విప్పి వేరే కంప్యూటరుకు తగిలించినప్పుడు అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ ఇచ్చిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయినప్పుడు, ఎన్నో సంస్థలకు మరమ్మతు కంటే ఈ కీలు వెతుక్కోవడమే పెద్ద పనైంది. కాబట్టి ప్రతి కంప్యూటరు రికవరీ కీని ఇవాళే కాగితంపై ముద్రించి, కార్యాలయం బయట భద్రపరచాలి.

సమస్య: బ్యాకప్ ఉంది, కానీ అందులోంచి డేటా రావడం లేదు

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే సమస్య ఇదే, ఎందుకంటే ఇక్కడ యజమాని జాగ్రత్త పడ్డారు, రోజూ సమయం వెచ్చించారు, అయినా చేతికి ఏమీ రాలేదు. ఇది చిన్నవారికే జరిగే పొరపాటు కాదు. 2017 జనవరి 31న, సాఫ్ట్‌వేర్ తయారీదారుల కోడ్‌ను భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డరును తుడిచేశారు. వారికి బ్యాకప్ ఏర్పాట్లు ఒకటి కాదు, అయిదు ఉన్నాయి, కానీ అవసరమైన క్షణంలో ఏదీ అనుకున్నట్టు అక్కరకు రాలేదు. డేటాబేస్ వెర్షన్ ఒకటి, బ్యాకప్ తీసే సాధనం వెర్షన్ మరొకటి కావడంతో రోజువారీ బ్యాకప్ కొంతకాలంగా విఫలమవుతూనే ఉంది. ఆ వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్లు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. అంతకు 6 గంటల ముందు మరో పని కోసం తీసిన ఒక నకలు ఉండబట్టి మిగిలిన డేటా దక్కింది. జరిగినదంతా ఆ సంస్థ దాపరికం లేకుండా ప్రకటించబట్టే మనం దాని నుంచి నేర్చుకోగలుగుతున్నాం.

మన కార్యాలయాల్లో ఈ సమస్యకు కారణాలు ఇంతకన్నా చిన్నవి. పెన్‌డ్రైవ్ నిండిపోయి ఉంటుంది. డేటా ఫోల్డరును మరో డ్రైవ్‌కు మార్చినా బ్యాకప్ మాత్రం పాత ఫోల్డరు నుంచే వెళుతుంటుంది. కొత్త వెర్షన్ ట్యాలీలో రాసిన డేటాను పాత వెర్షన్ ఉన్న కంప్యూటరులో తెరవబోతారు. కంపెనీ డేటాకు ట్యాలీవాల్ట్ (ట్యాలీలో డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే సదుపాయం) పాస్‌వర్డ్ పెట్టి, అది తెలిసిన ఒకే ఒక్క ఉద్యోగి పని మానేసి ఉంటారు. ఆ పాస్‌వర్డ్ లేకుండా డేటా తెరుచుకోదు.

పరిష్కారం ఇలా ఉంటుంది. చేతిలో ఉన్న బ్యాకప్‌ను ముందుగా వేరే డిస్క్‌కు ఒక నకలు తీసి, అసలును పక్కన పెట్టండి. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కితే వచ్చే డేటా మెనూలోంచి రిస్టోర్ చేసేటప్పుడు, ఇప్పుడున్న డేటా ఫోల్డరును కాకుండా కొత్తగా సృష్టించిన ఖాళీ ఫోల్డరును ఎంచుకోండి. తొందరలో పాత ఫోల్డరునే చూపిస్తే, నిన్నటి డేటాపై నెలకిందటి డేటా వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది. అదే మెనూలోని రిపేర్‌ను వాడవలసి వచ్చినా, డేటా ఫోల్డరు మొత్తానికి నకలు తీశాకే వాడాలి. తెరుచుకున్న తరువాత కంపెనీ పేరు కనిపించిందని సంతృప్తి పడకుండా చివరి వోచరు తేదీ, ట్రయల్ బ్యాలెన్స్, ముగింపు స్టాకు, ఒకటి రెండు పెద్ద పార్టీల ఖాతాలు సరిపోల్చాలి.

ఈ కసరత్తును ఏ ప్రమాదమూ లేని రోజున, మూడు నెలలకొకసారి, వేరే కంప్యూటరులో, వీలైతే రోజూ బ్యాకప్ తీసే వ్యక్తి కాకుండా మరొకరు చేయాలి. ఎంత సమయం పట్టిందో గడియారం చూసి రాసి పెట్టుకోవాలి. పని ఎంతసేపు ఆగితే తట్టుకోగలమన్న ప్రశ్నకు నిజమైన జవాబు ఆ అంకెతోనే తెలుస్తుంది. దానికి జోడుగా రెండో ప్రశ్న కూడా వేసుకోవాలి: ఎన్ని గంటల పనిని మళ్లీ చేసుకోగలం? రోజుకు 80 బిల్లులు వేసే చోట రాత్రి 9 గంటలకు మాత్రమే బ్యాకప్ తీస్తుంటే, సాయంత్రం 6 గంటలకు డిస్క్ పోయినప్పుడు ఆ రోజు బిల్లులన్నీ కార్బన్ కాపీలు చూసి మళ్లీ ఎక్కించాలి. అది భరించలేమనుకుంటే మధ్యాహ్నం భోజన వేళలో ఇంకో బ్యాకప్ పెట్టుకోవాలి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకైతే ఇది ఇష్టాయిష్టాల విషయం కూడా కాదు. ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే లెక్కల పుస్తకాల బ్యాకప్‌ను భారతదేశంలో ఉన్న సర్వరులో ప్రతిరోజూ భద్రపరచాలని 2022 ఆగస్టులో సవరించిన కంపెనీల నిబంధనలు చెబుతున్నాయి.

సమస్య: ఫైళ్ల పేర్లు మారిపోయాయి, డబ్బు కట్టమంటూ ఒక నోటీసు కనిపిస్తోంది

ఇది ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లను లాక్ చేసి, తెరవడానికి డబ్బు అడిగే హానికర ప్రోగ్రాం. చిన్న కార్యాలయాల్లో ఇది వచ్చే దారులు తెలిసినవే: అకౌంటెంటు ఇంటి నుంచి పనిచేయడానికి ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచిపెట్టిన రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటరును నడిపే సదుపాయం), సులువుగా ఊహించగల పాస్‌వర్డ్, బిల్లు పేరుతో వచ్చిన ఈమెయిల్ జోడింపు, ఉచితంగా దొరికిందని ఎక్కించిన దొంగ సాఫ్ట్‌వేర్, ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయని విండోస్. 2017 మే 12న మొదలైన వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. ఆ దాడి వాడుకున్న విండోస్ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే విడుదల చేసింది.

మొదట నెట్‌వర్క్ కేబుల్ పీకేసి వైఫై ఆపండి. మిగిలిన కంప్యూటర్లను కూడా నెట్‌వర్క్ నుంచి విడదీయండి. బ్యాకప్ డిస్క్‌ను ఆ కంప్యూటరుకు తగిలించి చూద్దామన్న ఆలోచన రానివ్వకండి, తగిలించిన నిమిషాల్లో అది కూడా లాక్ అవుతుంది. ఎప్పుడూ తగిలించి ఉంచే ఎక్స్‌టర్నల్ డిస్క్ ఈ ఒక్క కారణం వల్లనే నమ్మదగినది కాదు. నోటీసును, పేరు మారిన ఒకటి రెండు ఫైళ్లను ఫొటో తీసి ఉంచుకోండి. ఇలాంటి సైబర్ ఘటనలు గుర్తించిన 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి. డబ్బు కూడా పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు కలిసి 2016లో భద్రతా సంస్థలతో ప్రారంభించిన ‘నో మోర్ ర్యాన్సమ్’ వెబ్‌సైటులో కొన్ని రకాల ర్యాన్సమ్‌వేర్‌కు ఉచిత తాళాలు దొరుకుతాయి. అన్ని రకాలకూ దొరకవు, కానీ చూడకుండా వదిలేయకూడదు.

డబ్బు కట్టడాన్ని నేను ఎవరికీ సూచించను. కట్టినా డేటా వస్తుందన్న పూచీ లేదు, వచ్చినా ఆ కంప్యూటరు ఇంకా వారి చేతిలోనే ఉండవచ్చు. డిస్క్‌ను పూర్తిగా తుడిచి, విండోస్ కొత్తగా వేసి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, రిమోట్ డెస్క్‌టాప్ దారి మూసేసిన తరువాతే బ్యాకప్ ముట్టుకోవాలి. ఈ వరుస తప్పితే అదే దాడి మళ్లీ జరుగుతుంది.

సమస్య: గూగుల్ డ్రైవ్‌లో ఉందనుకున్న ఫైలు అక్కడా లేదు

సింక్ చేయడాన్ని, అంటే రెండు చోట్లా ఒకేలా ఉండేలా ఫైళ్లను జత చేయడాన్ని, బ్యాకప్ అనుకోవడమే కారణం. కంప్యూటరులో తుడిచేసినది డ్రైవ్‌లోనూ పోతుంది, చెడిపోయిన ఫైలు చెడిపోయినట్టే పైకి ఎక్కుతుంది. ట్రాష్‌లో 30 రోజుల వరకు ఉంటుంది కాబట్టి ముందు అక్కడ, ఆపై ఫైలు పాత వెర్షన్లలో వెతకండి. ఒకే పెట్టెలో రెండు డిస్క్‌లు పెట్టి ఒకదాని ప్రతిబింబంగా మరొకటి నడిపే రెయిడ్ ఏర్పాటుకూ ఇదే పరిమితి ఉంది.

సమస్య: కార్యాలయంలోకి నీళ్లు వచ్చాయి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు కింది అంతస్తులోని కంప్యూటరు, దాని పక్క డ్రాయరులోని బ్యాకప్ పెన్‌డ్రైవ్ ఒకే నీటిలో ఉండిపోయే పరిస్థితి ఎంతమందికి ఎదురై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. నకలు అసలుకు పక్కనే ఉండడమే ఇక్కడ కారణం. క్లౌడ్‌లో పెట్టినంత మాత్రాన ఇది తీరదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ ఒకటి కాలిపోయినప్పుడు, బ్యాకప్‌ను కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న ఖాతాదారులు కొందరు రెండూ పోగొట్టుకున్నారు.

తడిసిన కంప్యూటరును ఎండబెట్టి ఆన్ చేసి చూడకండి, హెయిర్ డ్రయ్యర్ వాడకండి. డిస్క్‌ను విప్పి, తడి ఆరిపోకుండా ప్లాస్టిక్ సంచిలో మూసి డేటా రికవరీ ల్యాబ్‌కు ఇవ్వాలి. బురద ఎండితే లోపలి పలకలకు అతుక్కుంటుంది. ముందుజాగ్రత్తగా మూడు నకళ్లు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అన్న పద్ధతి ఇప్పటికీ సరైనదే. కోస్తాలో ఉన్నవారు ‘వేరే చోటు’ అంటే పక్క వీధి అని కాకుండా, అదే తుపాను తాకని ఊరు అని అర్థం చేసుకోవాలి. హైదరాబాద్‌లో ఉన్న బంధువుల ఇంట్లో, పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచిన ఒక డిస్క్ కూడా ఆ పని చేస్తుంది.

సమస్య: డేటా వచ్చింది, పని మాత్రం మొదలు కాలేదు

కొత్త కంప్యూటరులో ట్యాలీ లైసెన్సు యాక్టివేట్ కావడానికి సీరియల్ నంబరుతో పాటు దానికి అనుసంధానించిన ఈమెయిల్ కావాలి, ఆ ఈమెయిల్ పాత అకౌంటెంటుది. జీఎస్టీ పోర్టల్ ఓటీపీ వెళ్లే సిమ్ తడిసిన ఫోన్‌లో ఉంది. డిజిటల్ సంతకం ఉన్న టోకెన్ ఎక్కడుందో తెలియదు. 20వ తేదీ జీఎస్టీఆర్-3బీ (నెలవారీ జీఎస్టీ రిటర్ను) గడువు మాత్రం ఆగదు. అందుకే లైసెన్సు నంబర్లు, ఖాతాల ఈమెయిళ్లు, ఓటీపీ వెళ్లే ఫోన్ నంబర్లు, ఇంటర్నెట్ సంస్థ, హార్డ్‌వేర్ మనిషి, ఆడిటర్ నంబర్లు ఒకే కాగితంపై రాసి, యజమాని ఇంట్లో ఒకటి, ఆడిటర్ దగ్గర ఒకటి ఉంచాలి. పాస్‌వర్డ్‌లను మాత్రం ఆ కాగితంపై కాక సీలు వేసిన కవరులో పెట్టాలి. ఈమెయిళ్లన్నీ సంస్థ పేరుతోనే ఉండాలి.

సమస్య: ఏ నకలూ మిగలలేదు

అప్పుడు కూడా వెతకవలసిన చోట్లు ఉన్నాయి. ఆడిటర్ దగ్గర గత ఏడాది ట్యాలీ డేటా నకలు ఉందేమో ముందు అడగండి, ఎందుకంటే ప్రారంభ నిల్వలు దానిలోంచే వస్తాయి. జీఎస్టీ పోర్టల్‌లో ఉండే అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 నుంచి అమ్మకాలు, కొనుగోళ్ల పత్రం జీఎస్టీఆర్-2బీ నుంచి కొనుగోళ్లు, సరుకు కదలికలు ఈ-వే బిల్లు పోర్టల్ నుంచి, వసూళ్లు, చెల్లింపులు బ్యాంకు స్టేట్‌మెంటు నుంచి దిగుమతి చేసుకోవచ్చు. వార్షిక టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటి ఈ-ఇన్‌వాయిస్ పరిధిలోకి వచ్చినవారికి ఆ వివరాలు కూడా పోర్టల్‌లో దొరకవచ్చు. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల వరకు లెక్కలు ఉంచాలి కాబట్టి ఈ ఏడాదితో ఆపకుండా పాత సంవత్సరాలకూ ఇదే చేయాలి. నగదు ఖర్చులు, ఇంకా రిటర్నులో చూపని బిల్లులు, అప్పు మీద ఇచ్చిన సరుకుకు ఇంకా రావలసిన బాకీలు మాత్రం ఏ పోర్టల్‌లోనూ ఉండవు. వాటికోసం ప్రతి పార్టీకీ ఫోన్ చేసి, వారి లెడ్జర్‌లో మన ఖాతా నకలు పంపమని అడిగి, కార్బన్ కాపీలతో ఒక్కొక్కటిగా సరిపోల్చుకుంటూ వెళ్లాలి. కొత్త డేటాకు మొదటి బ్యాకప్‌ను ఆ పని మొదలుపెట్టిన రోజు సాయంత్రమే తీయండి.