ఎక్స్‌రే ఫిల్ముతో 7×17 కెమెరా: ఇంట్లో కట్టుకునే పద్ధతి

8×10 అంగుళాల కంటే పెద్ద ఫిల్ము పట్టే కెమెరాలను అల్ట్రా లార్జ్ ఫార్మాట్ అంటారు. 11×14, 8×20, 12×20, 20×24 ఇలా చాలా కొలతలున్నాయి. మొదటిసారి కట్టేవాళ్లకు 7×17 మంచిదని మా అభిప్రాయం, అందుకు కారణం ఫిల్మే. ఛాతీ ఎక్స్‌రేకి వాడే 14×17 షీటును నిలువునా రెండు చేస్తే రెండు 7×17 ముక్కలొస్తాయి, వృథా ఏమీ ఉండదు. అమెరికాలో విందు సభల గ్రూప్ ఫొటోల కోసం గుండ్లాక్ కంపెనీ కొరోనా పేరుతో ఈ కొలతలో కెమెరాలు చేసి అమ్మింది. గ్రూపులకూ, చెరువు గట్లకూ, కోట గోడలకూ బాగా నప్పే ఆకారం.

ఈ కెమెరాకు నెగటివ్‌ను పెద్దది చేసి ప్రింటు వేసే ఎన్‌లార్జర్ ఉండదు. నెగటివ్ ఎంతో ప్రింటూ అంతే. హైదరాబాదు ఆరో నిజాం కొలువులో లాలా దీన్ దయాళ్ గాజు పలకలను ఆల్బుమిన్ కాగితం మీద అచ్చు వేసిందీ ఇలాగే. ఇంట్లో కట్టేవాళ్లకు ఇది పెద్ద వరం. ప్రింటు పెద్దది చేయడం లేదు కాబట్టి చిన్న తప్పులు పెద్దవి కావు. చేతిలో పట్టుకుని చూసే ప్రింటులో 0.1 మి.మీ. మసక కంటికి ఆనదు. ఆ లెక్కన లెన్సు ఎఫ్/9 దగ్గర తెరిచి ఉన్నప్పుడు ఫిల్ము అటూ ఇటూ 0.9 మి.మీ. జరిగినా బొమ్మ పదునుగానే ఉంటుంది. ఎఫ్/64 దగ్గర, అంటే లెన్సు రంధ్రం బాగా మూసినప్పుడు, 6 మి.మీ. దాకా చెల్లుతుంది. అంటే మామూలు వడ్రంగి పనిముట్లతోనే ఈ పని అవుతుంది.

చాలామంది ముందు లెన్సు కొని, దానికి బెల్లోస్ (సాగే మడతల గొట్టం) కుట్టి, చివర్లో హోల్డర్ (ఫిల్ము పట్టే చీకటి పెట్టె) సంగతి చూద్దామనుకుంటారు. పని అక్కడే చెడుతుంది. ఫిల్ముకి తగ్గ హోల్డర్, హోల్డర్‌కి తగ్గ వెనక చట్రం, ఆ తర్వాతే పెట్టె, బెల్లోస్, లెన్సు. వెనక నుంచి ముందుకు రండి.

ఫిల్ము

గ్రీన్ సెన్సిటివ్ (ఆకుపచ్చ వెలుగుకూ స్పందించే) మెడికల్ ఎక్స్‌రే ఫిల్మే అడగండి. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేది డ్రై లేజర్ ఫిల్ము, అది కెమెరాకు పనికిరాదు. దుకాణంలో రెండింటినీ ఎక్స్‌రే ఫిల్మనే అంటారు కాబట్టి డెవలపర్‌లో కడిగే రకమేనని పెట్టె మీద చూసి తీసుకోండి. పెట్టె మీద 35×43 సెం.మీ. అని ఉంటే సగం ముక్క కచ్చితంగా 7×17 అంగుళాలు కాదు, కొద్ది మి.మీ. తేడా వస్తుంది. అందుకే ఒక షీటును వెలుగులోనే బలి ఇచ్చి, కోసి, వెర్నియర్‌తో కొలిచాకే హోల్డర్ మొదలుపెట్టండి. కింది కొలతలన్నీ 178×432 మి.మీ. ముక్కకు ఇచ్చినవి.

ఈ ఫిల్ముకు రెండు వైపులా ఎమల్షన్ (వెలుగుకు స్పందించే పూత) ఉంటుంది. ఏ వైపు తగిలినా గీత పడుతుంది. కోసేటప్పుడు పైనా కిందా శుభ్రమైన కాగితం పెట్టి గిలటిన్ కట్టర్‌తో కోయాలి. ముదురు ఎరుపు దీపం కింద పని చేసుకోవచ్చు కానీ పసుపు, నారింజ దీపాలు పనికిరావు. ఎర్ర ఎల్ఈడీ అయినా నమ్మేయకండి. ఒక ముక్క మీద నాణెం పెట్టి 10 నిమిషాలు ఆ వెలుగులో ఉంచి కడగండి. నాణెం గుర్తు కనిపిస్తే దీపం దూరంగా జరపాలి.

హోల్డర్

అన్నిటికంటే ఓపిక అడిగేది ఇదే. ఒక వైపే ఫిల్ము పట్టే హోల్డర్ చేస్తే పని సగమవుతుంది. బయటి కొలత 230×500 మి.మీ. పొరలు పొరలుగా అంటించి కట్టాలి.

అడుగున 4 మి.మీ. ప్లై పలక. దాని మీద ఫిల్ము చుట్టూ 1 మి.మీ. మందం హైలం (బేకలైట్ లాంటి గట్టి) షీటు చట్రం, లోపలి ఖాళీ 180×434. ఆ పైన పొడవు వైపుల్లో మాత్రమే 0.5 మి.మీ. మందం ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ పట్టీలు, ఫిల్ము ఖాళీలోకి 4 మి.మీ. చొచ్చుకు వచ్చేలా పెట్టాలి. ఫిల్మును పట్టి ఉంచేవి ఇవే. డార్క్ స్లైడ్ (ఫిల్ము మీద వెలుతురు పడకుండా మూసే జారుడు పలక) లాగే కొన వైపు ఈ పట్టీలు 30 మి.మీ. ముందే ఆగిపోవాలి. ఫిల్మును కొద్దిగా వంచి అక్కడి నుంచే పట్టీల కిందికి తోస్తారు. తర్వాత పొర 1.5 మి.మీ. మందంతో, లోపలి వెడల్పు 193 మి.మీ. ఉండాలి, డార్క్ స్లైడ్ నడిచే దారి ఇది. అన్నిటి పైన 4 మి.మీ. ప్లై చట్రం, 176×436 కిటికీతో.

డార్క్ స్లైడ్‌కు 1 మి.మీ. హైలం షీటు, వెడల్పు 192. ప్లాస్టిక్ షీటు ఎండకు వంగుతుంది, అల్యూమినియం ఒకసారి వంగితే మళ్లీ తిన్నగా రాదు. హైలం అంచులను 400 నంబరు నీటి కాగితంతో రుద్ది గుండ్రం చేయండి. గరుకు అంచు మఖమలును చింపుతుంది, ఆ పీచు ఫిల్ము మీద పడి నెగటివ్ మీద తెల్ల చుక్కలు మిగులుతాయి.

స్లైడ్ దూరే సందులోనే వెలుతురు చొరబడుతుంది. అక్కడ కనీసం 25 మి.మీ. లోతున రెండు వైపులా మఖమలు పట్టీలు అంటించండి, మఖమలు వెనక పల్చని స్పాంజి ఉండాలి. స్లైడ్ పూర్తిగా బయటికి తీసినప్పుడు రెండు పట్టీలూ ఒకదానికొకటి ఒత్తుకోవాలి. ఒత్తుకోకపోతే నెగటివ్‌లో ఆ కొన నుంచి విసనకర్రలా నల్లటి చార వస్తుంది. స్లైడ్ అవతలి కొన కూడా 8 మి.మీ. గాడిలో కూర్చోవాలి.

ఈ పొరలు కూడితే పై ముఖం నుంచి ఫిల్ము దాకా లోతు 6.8 మి.మీ. వస్తుంది. జిగురు మందం వల్ల మీది 6.9, 7.0 కావచ్చు, అది తప్పు కాదు. పాడు ఫిల్ము ముక్క లోపల పెట్టి, వెర్నియర్ తోక కడ్డీతో ఐదు చోట్ల కొలిచి, సగటు హోల్డర్ మీదే రాసుకోండి. మూడు హోల్డర్లు చేస్తే మూడింటి మధ్యా తేడా 0.5 మి.మీ. దాటకూడదు. జిగురుగా ఇక్కడ అరాల్డైట్ వాడండి. నీళ్ల ఫెవికాల్ వాడితే పల్చని ప్లై తడి పీల్చి పడవలా వంగుతుంది.

గ్రౌండ్ గ్లాసు, వెనక చట్రం

స్ప్రింగు బ్యాక్ (హోల్డర్ దూర్చినప్పుడు గాజు స్ప్రింగుల మీద వెనక్కి జరిగే ఏర్పాటు) జోలికి వెళ్లకండి. హోల్డర్‌తో సమానమైన బయటి కొలతలో ఇంకో చట్రం చేసి అందులో గ్రౌండ్ గ్లాసు (ఫోకస్ చూసుకోవడానికి బొమ్మ పడే గరుకు గాజు) బిగించండి. ఫోకస్ అయ్యాక గాజు చట్రం తీసి, అదే చోట హోల్డర్ పెడతారు. రెండూ ఒకే ముఖం మీద కూర్చుంటాయి కాబట్టి సరిచూడాల్సింది ఒకటే: గాజు గరుకు ముఖం కూడా ఆ ముఖం నుంచి మీరు హోల్డర్ మీద రాసుకున్న లోతులోనే ఉందా లేదా. కాగితం ముక్కలు పెట్టి సర్దండి. గరుకు ముఖం ఎప్పుడూ లెన్సు వైపే.

గాజును ఇంట్లోనే గరుకు చేసుకోవచ్చు. 3 మి.మీ. కిటికీ గాజును బల్ల మీద తడిగుడ్డపై పెట్టి, అర చెంచా 400 నంబరు కార్బొరండం పొడి, కాసిని నీళ్లు వేసి, అరచేయంత గాజు ముక్కతో సున్నాలు చుడుతూ రుద్దండి. బూడిద రంగు బురద పల్చబడితే కొత్త పొడి వేయండి. అరగంటలో సమంగా తెల్లబడుతుంది. తడిగా ఉన్నప్పుడు మచ్చలు కనిపించవు, కడిగి ఆరబెట్టి చూడాలి. ఇంకో పది నిమిషాలు 600 నంబరుతో రుద్దితే బొమ్మ వెలుగు పెరుగుతుంది. అంచులను ముందే రాయితో మొద్దు చేయకపోతే చేయి తెగుతుంది. నాలుగు మూలలూ 10 మి.మీ. చొప్పున కోయించండి. ఆ ఖాళీలోంచి లెన్సు వైపు చూసినప్పుడు దాని రంధ్రం నిండుగా కనిపిస్తేనే మూలలకు వెలుతురు అందుతున్నట్టు.

హోల్డర్ కూర్చునే ముఖం మీద మఖమలు అంటించకండి. అది నలిగే కొద్దీ లోతు మారిపోతుంది. చుట్టూ 6 మి.మీ. ఎత్తు అంచు కట్టి, దాని లోపలి గోడకు అంటించండి. హోల్డర్‌ను పట్టి ఉంచడానికి తలుపు గొళ్ళెంలా తిరిగే చెక్క ముక్కలు పొడవు వైపుల్లో రెండేసి చాలు, కానీ గట్టిగా పట్టాలి. స్లైడ్ లాగేటప్పుడు హోల్డర్ కాస్త పైకి లేస్తే ఫొటో మొత్తం పోయినట్టే.

పెట్టె, బెల్లోస్

17 అంగుళాల వెడల్పు నుంచి లెన్సు దాకా కోసుగా బెల్లోస్ మడవడం మొదటిసారి వద్దు. వెనక 350 మి.మీ. భాగాన్ని 6 మి.మీ. ప్లైతో కోసు పెట్టెగా కట్టేసి, ముందు భాగానికి మాత్రమే తిన్నని బెల్లోస్ పెట్టండి. మనం వాడబోయే 600 మి.మీ. లెన్సుకు దూరపు దృశ్యానికి ఫిల్ము నుంచి లెన్సు 600 మి.మీ., మూడు మీటర్ల దగ్గర ఉన్న మనిషికి 750 మి.మీ. ఉండాలి. అంటే బెల్లోస్ 250 నుంచి 400 దాకా సాగితే చాలు. లోపలి కొలత 280×200 మి.మీ. ఉంటే బొమ్మ మూలలు తెగిపోవు.

బెల్లోస్‌కు బయట పల్చని రెక్సిన్, లోపల నల్ల నూలుగుడ్డ, మధ్యలో 300 జీఎస్ఎం అట్ట పట్టీలు. పట్టీ వెడల్పు 25 మి.మీ., పట్టీకీ పట్టీకీ మధ్య 2 మి.మీ. సందు. ప్రతి వైపూ 20 పట్టీలు కావాలి. పరిచిన పొడవు 540 మి.మీ. అవుతుంది, 400 దాకా సాగినా మడతలు చచ్చిపోవు. మూలల దగ్గర పట్టీల కొనలను ఏటవాలుగా కోసి 4 మి.మీ. ఖాళీ వదలండి. ముందు మామూలు కాగితంతో చిన్న నమూనా మడిస్తే మూల ఎలా తిరగాలో చేతికి తెలుస్తుంది. జిగురుగా ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి రబ్బరు జిగురు పల్చగా రాయండి. అతుకు అడుగు వైపు మధ్యలో రావాలి, మూలలో వస్తే మడత పడదు. మడిచాక రాత్రంతా బరువు కింద ఉంచండి.

ముందు చట్రం అడుగు పలక మీది గాడిలో జరుగుతుంది. సన్నని ఫోకస్‌కు 8 మి.మీ. థ్రెడెడ్ రాడ్ ఒకటి పెడితే ఒక చుట్టుకు 1.25 మి.మీ. కదులుతుంది, అది చాలు. లెన్సు బోర్డు 30 మి.మీ. పైకి జరిగే ఏర్పాటు ఉంటే మంచిది, పొడవాటి చట్రంలో నేల ఎక్కువ, ఆకాశం తక్కువ రావడం మామూలు. లోపలంతా బ్లాక్‌బోర్డ్ పెయింట్ వేయండి.

లెన్సు

పాత ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో ప్రాసెస్ కెమెరాలు (ప్లేట్ల కోసం పేజీలను ఫొటో తీసేవి) మూలపడి ఉంటాయి. ప్లేట్లు నేరుగా కంప్యూటర్ నుంచి వస్తున్నాయి కాబట్టి వాటి లెన్సులకు అక్కడ పని లేదు. రోడెన్‌స్టాక్ అపో రోనార్ 600, అపో నిక్కోర్ 610 లాంటివి ఎఫ్/9 లెన్సులు, పదును గొప్పగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త. వీటి కాగితాల్లో రాసే ఇమేజ్ సర్కిల్ (లెన్సు వేసే గుండ్రటి బొమ్మ అడ్డుకొలత) 1:1 కొలతకు, అంటే వస్తువెంతో బొమ్మా అంతే వచ్చే దూరానికి, చెప్పినది, దూరపు దృశ్యానికి అందులో సగమే వస్తుంది. మన ఫిల్ము మూల నుంచి మూలకు 467 మి.మీ. అపో రోనార్ 600 దూరానికి సుమారు 530 మి.మీ. ఇస్తుంది కాబట్టి సరిపోతుంది, 480 అయితే మూలలు ఇబ్బంది పెడతాయి. ఇంకా వెడల్పు దృశ్యం కావాలంటే 355 మి.మీ. జి క్లారాన్ బాగా మూసి వాడతారు. అప్పుడు వెనక పెట్టె 200 మి.మీ. లోపు కట్టాలి, బెల్లోస్ లోపలి వెడల్పూ పెంచాలి.

ప్రాసెస్ లెన్సు గొట్టం మీద ఫిల్టరు దూర్చే చీలిక ఉంటుంది. దాన్ని నల్ల టేపుతో మూయడం మరచిపోతే ప్రతి నెగటివూ పొగబారుతుంది, తప్పు బెల్లోస్‌లో ఉందనుకుని వారం వెతుకుతారు. బిగించే రింగు పోయి ఉంటే లేత్ షాపులో తిప్పించుకోవచ్చు.

షట్టరు అక్కర్లేదు, మూతే షట్టరు. ఫిల్ము వేగం ఐఎస్ఓ 50 అనుకుంటే నిండు ఎండలో ఎఫ్/64 దగ్గర సెకనులో మూడో వంతు వస్తుంది, చేత్తో అది సాధ్యం కాదు. వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించే మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు పెట్టినా, నీడలో తీసినా రెండున్నర సెకన్లు దొరుకుతాయి. ఎఫ్/64 దాటి మూయకండి, అక్కడి నుంచి డిఫ్రాక్షన్ (సన్న రంధ్రం అంచుల్లో వెలుతురు చెదరడం) మసక ప్రింటులో కనిపించడం మొదలవుతుంది. 750 మి.మీ. దాకా సాగదీసినప్పుడు ఎక్స్‌పోజర్ ఒకటిన్నర రెట్లు చేయాలి. 10 మీటర్ల దూరంలో 600 మి.మీ. లెన్సు సుమారు 6.8 మీటర్ల వెడల్పు చూస్తుంది, భుజం భుజం ఆనించి ఓ పన్నెండు మంది. ఎఫ్/64 దగ్గర ఎనిమిదిన్నర నుంచి పన్నెండు మీటర్ల దాకా పదును ఉంటుంది, మూడు వరసలకు అది చాలు.

పరీక్ష, కడగడం

ఫిల్ము పెట్టే ముందు చీకటి గదిలో పెట్టె లోపల టార్చి వెలిగించి, కళ్లు అలవాటు పడ్డాక బయట నుంచి చూడండి. తర్వాత మామూలు బ్రోమైడ్ కాగితాన్ని ఫిల్ము బదులు పెట్టి, ఐఎస్ఓ 3 లెక్కన ఒకటి తీయండి. ఐదు సీసాలను ఒకదాని వెనక ఒకటి అర అడుగు ఎడంగా పెట్టి, మధ్యదానికి ఎఫ్/9 దగ్గర ఫోకస్ చేసి తీస్తే, పదునుగా వచ్చిన సీసా మీ గాజు లోతు సరిగ్గా ఉందో లేదో చెబుతుంది. వెనక సీసా పదునుగా వస్తే ఫిల్ము గాజు కంటే లెన్సుకు దగ్గరగా ఉన్నట్టు. గాజు అంచుల కింద పెట్టిన కాగితాలు తగ్గించాలి.

ఎక్స్‌రే డెవలపర్ వద్దు, మరీ ఘాటు, ముఖాలు సున్నం కొట్టినట్టు వస్తాయి. రోడినాల్ డెవలపర్ 1:100 (ఒక వంతుకు నూరు వంతుల నీళ్లు), 20 డిగ్రీలు, 7 నిమిషాలతో మొదలుపెట్టండి. మన ఎండాకాలంలో కుళాయి నీళ్లు 30 దాటుతాయి, ఎమల్షన్ మెత్తబడి వేలు తగిలినా లేచిపోతుంది. ట్రే కింద ఇంకో పెద్ద ట్రేలో ఐసు నీళ్లు ఉంచండి. ట్రే అడుగున గీతలు పడే గట్లు ఉంటాయి కాబట్టి ఒక గాజు పలక పరచి, ఒక్కో ఫిల్మునే కడగండి. ఎండిన నెగటివ్‌ను వెలుగుకి ఎత్తి చూసినప్పుడు నీడల్లో వివరం లేకపోతే ఎక్స్‌పోజర్ పెంచాలి, తెలుపుల్లో వివరం మూసుకుపోతే డెవలపింగ్ ఒక నిమిషం తగ్గించాలి.

నిలబెట్టడానికి మామూలు ట్రైపాడ్ ఆగదు. సర్వేవాళ్లు టోటల్ స్టేషన్‌కి వాడే స్టాండు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోండి. దాని బోల్టు 5/8 అంగుళం కాబట్టి, కెమెరా అడుగు పలకలో అదే దారం ఉన్న నట్టు ముందే దిగ్గొట్టించాలి.