నీళ్లు పోయగానే కింద కారిపోతున్నాయా? కోకోపీట్ కొనేముందు కుండీ తవ్వి చూడండి

"పొద్దున నిండా నీళ్లు పోశాను, సాయంత్రానికి టమాటా తల వేలాడేసింది. నా మట్టి నీళ్లు పట్టుకోవట్లేదు, ఏం కలపాలి?" ఎండలు ముదిరాయంటే మిద్దెతోట వాళ్లు అందరూ అడిగేది ఇదే. జవాబులూ ఎప్పుడూ ఒకటే: ఒకరు కోకోపీట్ (కొబ్బరి పొట్టు) అంటారు, ఒకరు వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) అంటారు, ఇంకొకరు నీళ్లు పీల్చి ఉంచుకునే హైడ్రోజెల్ గుళికలు కొనమంటారు. నీళ్లు పోశాక మట్టి తవ్వి చూశారా అని మాత్రం ఒక్కరూ అడగరు!

ముందు ఆ పని చేయండి. నీళ్లు పోసి అరగంట ఆగి, మొదలుకి కాస్త దూరంగా, మొక్కకీ కుండీ అంచుకీ మధ్యలో జానెడు లోతు తవ్వండి. వేలు గుచ్చి చూశాను కదా అనకండి, నీళ్లు పోశాక పైన అంగుళం ఎలాగూ తడిగానే ఉంటుంది, దాన్ని బట్టి ఏమీ తెలియదు.

తవ్వితే అంతా తడిగానే ఉంది, అయినా మొక్క వాడింది

అయితే మీ సమస్య మట్టి నీళ్లు పట్టకపోవడం కాదు. మధ్యాహ్నం వాడి సాయంత్రానికి లేచి నిలబడితే అది ఎండ వేడికి మామూలే, బీర, సొర, గుమ్మడి రోజూ చేసే పనే. సాయంత్రానికి కూడా లేవకపోతే వేరుకుళ్లో, ఎండు తెగులో అయి ఉంటుంది. అప్పుడు ఇంకా నీళ్లు పోశారో, అంతే సంగతులు.

పైన తడి, లోపల పొడి దుమ్ము

నన్ను బాగా ఏడిపించింది ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

ఇది అచ్చం ఇసుక మట్టి లాగే కనిపిస్తుంది. పోసిన నీళ్లు రెండు నిమిషాల్లో కింద రంధ్రంలోంచి వచ్చేస్తాయి, ప్లేటు నిండుతుంది, మొక్క తాగినంత తాగి మిగిలింది వదిలేసిందనుకుని మనం పక్క కుండీకి వెళ్లిపోతాం. నిజానికి ఆ నీళ్లు మట్టిలోకి వెళ్లనే లేదు. మిద్దెతోట మిశ్రమంలో సగానికి సగం కోకోపీట్, కంపోస్ట్, ఆకు ఎరువే కదా. ఇలాంటి మిశ్రమం ఒకసారి పూర్తిగా ఎండితే, అందులోని మైనం లాంటి పదార్థాల వల్ల నీటిని దగ్గరికి రానివ్వకపోవచ్చు. పైగా ఎండిన మిశ్రమం కుంచించుకుపోయి కుండీ గోడకీ మట్టికీ మధ్య సందు పడుతుంది. నీళ్లకి దారి దొరికింది, ఆ సందులోంచి జారుకుంటాయి, మధ్యలో వేళ్లున్న ముద్ద ఎండిపోయే ఉంటుంది. ఊరెళ్లి వారం తర్వాత వచ్చి చూసుకున్న కుండీలు, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఒక్కపూట నీళ్లు తప్పిన గ్రోబ్యాగులు, మామూలుగా ఇలా అయ్యేవి ఇవే.

తేల్చుకోవడం తేలిక. లోపలి నుంచి ఎండిన ముద్ద ఒకటి తీసి దాని మీద ఒక్క చుక్క నీరు వేయండి. మట్టి మంచిదైతే వెంటనే పీల్చేస్తుంది. అయిదు సెకన్లు దాటినా చుక్క గుండ్రంగా, తామరాకు మీద నిలబడ్డట్టు నిలబడి ఉంటే మట్టి నీటిని నెట్టేస్తున్నట్టే. పైమట్టి మీద కాదు, లోపలి ముద్ద మీదే వేయాలి.

దీన్ని పట్టుకోకపోతే వచ్చే చిక్కు ఏంటంటే, అందరూ చెప్పే మందు ఈ రోగానికి పనిచేయదు. ఇప్పటికే ఎండి నీటిని నెట్టేస్తున్న మిశ్రమంలో ఇంకో రెండు గుప్పిళ్లు పొడి కోకోపీట్ కలిపితే ఏమవుతుంది చెప్పండి. కోకోపీట్ చెడ్డదని కాదు, నానబెట్టకుండా కలపడం చెడ్డది.

ఇక పరిష్కారం. చిన్న కుండీ అయితే తొట్టిలో నీళ్లు పోసి, కుండీని సగానికి పైగా మునిగేలా కూర్చోబెట్టండి. బుడగలు వస్తాయి. అవి ఆగి, పైమట్టి కింది నుంచి తడిసి నల్లబడేదాకా కదపకండి, ఒక్కోసారి రెండు గంటలు పడుతుంది. తర్వాత తీసి నీరు వార్చేయండి, రాత్రంతా అందులోనే వదిలేయొద్దు.

ఎత్తలేని పెద్ద కుండీ, గ్రోబ్యాగ్ అయితే ఇనుప చువ్వతో అక్కడక్కడా అడుగుదాకా గుచ్చి, గోడ పక్క సందుని మట్టితో పూడ్చి నొక్కి, అప్పుడు నీళ్లు పోయాలి. ఒకేసారి కాదు. ఒక చెంబు పోసి పావుగంట ఆగండి, మళ్లీ ఒక చెంబు, ఇలా నాలుగైదు సార్లు. అప్పటికీ పీల్చకపోతే కుంకుడుకాయలు వాడండి: నాలుగైదు కాయలు గింజ తీసి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిసికి వడగట్టి, బకెట్ నీళ్లలో కలిపి ఒక్కసారి పోస్తే చాలు. కుంకుడు రసం నీటి తలతన్యతను (చుక్కగా ముడుచుకునే గుణాన్ని) తగ్గిస్తుంది, నీరు జారిపోకుండా లోపలికి ఇంకుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ మాత్రం వద్దు. చేపలున్న తొట్టిలోకి కుంకుడు నీళ్లు పోనివ్వకండి, చచ్చిపోతాయి.

మర్నాడు మళ్లీ తవ్వి చూడండి. తడి అడుగుదాకా దిగితే పైన రెండంగుళాల మందాన ఎండాకులో, వరిగడ్డో, వేరుశనగ పొట్టో కప్పేయండి. ఈ ఆకుల కప్పు లేకపోతే ఇదంతా నెలలోపే మళ్లీ మొదలవుతుంది.

లోపలిదాకా తడిసింది, కానీ ఒక్కరోజులోనే ఎండిపోయింది

మట్టి నిజంగా నీళ్లు పట్టట్లేదు అనాల్సింది దీన్ని. కొలవాలంటే పూర్తిగా ఎండిపోకుండా, కాస్త తేమగా మాత్రమే ఉన్న లీటరు మట్టిని అడుగున రంధ్రాలున్న సీసాలో గుడ్డ వేసి నింపండి. దాని మీద అర లీటరు నీళ్లు మెల్లగా పోసి కింద ఎంత వచ్చిందో చూడండి. దాదాపు పోసినంతా వచ్చేస్తే పట్టు లేనట్టే. చాలామంది ఎండుమట్టితోనే ఈ పరీక్ష చేసేసి నా మట్టి పనికిరాదని తీర్మానిస్తారు. పైన చెప్పిన కారణం వల్ల ఆ ఫలితం అబద్ధం చెప్పొచ్చు.

నర్సరీ ఎర్రమట్టిలో ఇసుక పాలు ఎక్కువైతే కొంచెం చెరువు మట్టి కలపండి. చెరువు పూడిక చలక (ఇసుక పాలున్న ఎర్రనేల) పొలాలకు తోలుకోవడం మన రైతులకు ఎప్పటినుంచో తెలిసిన పని, తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో తీసిన పూడికను కూడా రైతులు అలాగే తోలుకున్నారు. ఆ బంకలో ఉన్న పట్టు ఇసుకలో ఉండదు. కానీ కుండీలో పదింట ఒక వంతు దాటనివ్వకండి, దాటితే ఎండాక ఇటుక అవుతుంది. దాంతోపాటు బాగా చివికిన పశువుల ఎరువు నాలుగో వంతు. పచ్చిపేడ కాదు.

నేలలో వేసే మొక్కలకైతే అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి, ఇంకిపోయాక మళ్లీ నింపి గంటకి ఎంత దిగిందో స్కేలుతో చూడండి. ఒకటి నుంచి మూడంగుళాలు దిగితే బాగున్నట్టు. అంతకంటే బాగా వేగంగా దిగితే ఎరువు, పైన ఆకుల కప్పు పెంచాలి. అంగుళం కూడా దిగకపోతే అది నల్లరేగడి బాధ, దానికి నీళ్లు పట్టించడం కాదు, వదిలించడం కావాలి. నల్లరేగడిలో నాలుగు తట్టల ఇసుక కలిపితే గుల్లబారుతుందనుకోవద్దు, ఇంకా బిగుసుకుంటుంది. ఎరువే వేయాలి, ఏటా వేయాలి.

మిగతావి

మొక్క పెద్దదై కుండీ అంతా వేళ్లే చుట్టుకుపోతే నీళ్లు నిలవడానికి మట్టే మిగలదు, పెద్ద కుండీలోకి మార్చండి. చీమల పుట్ట ఉంటే ఆ బొరియల్లోంచి నీళ్లు పోతాయి, అరుదు. నేల మీద తెల్లగా పొర కట్టి నీళ్లు పైనే నిలిచిపోతుంటే చౌడు కావచ్చు. మట్టి పరీక్ష చేయించకుండా చౌడుకి విరుగుడని జిప్సం చల్లకండి, మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే ఎక్కడ చేస్తారో చెప్తారు.