మెదడు సంకేతాల థెరపీకి బయలుదేరే ముందు

పక్షవాతంతో చెయ్యి పడిపోయిన పెద్దవాళ్లను, మెదడు సంకేతాలతో కదిలే గ్లవ్ థెరపీ కోసం అనంతపురం నుంచి బెంగళూరు తీసుకెళ్తున్నారా? ముందు జుట్టు సంగతి చూడండి.

ముందురోజే షాంపూతో తలస్నానం చేయించండి. ఆ తర్వాత కొబ్బరినూనె వద్దే వద్దు. తలమీద పెట్టే ఎలక్ట్రోడ్లు పట్టుకోవాల్సిన సిగ్నల్ మైక్రోవోల్టుల్లో, అంటే వోల్టులో పది లక్షల వంతుల్లో ఉంటుంది. కాస్త జిడ్డున్నా సరిగా అందదు. మా నాయనకు నూనె రాసుకోనిదే తోచదు. పాపిట దగ్గర మిగిలిన జిడ్డును దూదితో తుడిచి, ఎలక్ట్రోడ్ల కింద రాసే జెల్ మళ్లీ పెట్టేసరికి అరగంట పట్టింది. సెషన్ మొదలయ్యేలోపే ఆయన అలసిపోయారు, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

పేస్‌మేకర్ ఉన్నా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా మొదటిరోజే డాక్టరుకు చెప్పండి. కండరాలకు కరెంటు ఇచ్చే పరికరమైతే మరీ ముఖ్యం. మందులు సొంతంగా ఆపకండి.

రాత్రి బస్సు దిగి నేరుగా సెషన్‌కు వెళ్లొద్దు, నిద్ర చాలకపోతే ధ్యాస నిలవదు. ఎండన పడి వెళ్తే చెమట ఆరేదాకా ఫ్యాన్ కింద కూర్చోబెట్టండి. ఫోన్ ఛార్జర్లు దూరంగా పెట్టండి.

చెయ్యి కదుపుతున్నట్టు ఊహించుకున్నప్పుడు మెదడులో 8 నుంచి 13 హెర్ట్జ్ మధ్య, అంటే సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే లయ తగ్గుతుంది. ఆ తగ్గుదలను పట్టుకుని గ్లవ్ వేళ్లు తెరుస్తుంది. పళ్లు బిగిస్తే దవడ కండరాల సిగ్నల్ దాన్ని కప్పేస్తుంది. అందుకే పక్కన నిలబడి టెన్షన్ పెట్టకండి. "నాయనా, నీళ్ల చెంబు పట్టుకుంటున్నట్టు అనుకో" అని ఇంట్లోనే నాలుగు రోజులు నెమ్మదిగా అలవాటు చేయండి.