రాత్రంతా టిక్కుటిక్కుమనే డిస్కు: ఇంటి మీడియా సర్వర్‌లో సమస్య - పరిష్కారం

టీవీ ఆపేసి రెండు గంటలైంది. ఇంట్లో అందరూ నిద్రపోయారు. సినిమా చూసేవారు లేరు, ఫైళ్లు కాపీ చేసేవారూ లేరు. అయినా హాల్లో సర్వర్‌గా వాడుతున్న పాత డెస్క్‌టాప్ దీపం మినుకుమినుకుమంటూనే ఉంటుంది, లోపల డిస్కు టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది. ఆ డిస్కులో సినిమాలే కాదు, పెళ్లి వీడియోలు, పిల్లల చిన్ననాటి ఫొటోలు కూడా ఉన్నప్పుడు ఆ చప్పుడు వింటూ నిద్రపోవడం కష్టం. నేను డెబియన్ (ఒక లైనక్స్ రకం) మీద జెల్లీఫిన్ నడుపుతున్నాను, డిస్కులోని సినిమాలను టీవీకి అందించే మీడియా సర్వర్ ప్రోగ్రామ్ అది. అలాంటిదే అయిన ప్లెక్స్ వాడేవారికి కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

అన్నిటికన్నా ముందు: డిస్కు చెడిపోతోందా?

చదవలేని సెక్టరును (డేటా ఉండే చిన్న ముక్కను) మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నించే డిస్కు కూడా ఇలాగే చప్పుడు చేస్తుంది. అందుకే మొదట డిస్కు ఆరోగ్యాన్ని చూపే స్మార్ట్‌సీటీఎల్ నివేదిక తెరవండి. అందులో 5 అనే నంబరున్న వరుస పాడై పక్కన పెట్టిన సెక్టర్ల లెక్క, 197వ వరుస అనుమానంలో ఉన్న సెక్టర్ల లెక్క. 197లో సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా, లేదా డీమెసేజ్‌లో (సిస్టమ్ సందేశాల జాబితాలో) ఆ డిస్కు పేరుతో ఐఓ ఎర్రర్లు, అంటే చదవడంలో, రాయడంలో లోపాలు, కనిపించినా, మిగతా పరిశోధన వదిలేసి డేటాను వేరే డిస్కుకు కాపీ చేయండి. రెండూ శుభ్రంగా ఉంటేనే ముందుకు వెళ్లండి.

తరువాత, రాస్తున్నది ఎవరో పట్టుకోవాలి. ఊహతో సర్వీసులను ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతే వారం గడుస్తుంది, జవాబు మాత్రం దొరకదు. ఏ ప్రాసెస్ డిస్కును వాడుతోందో చూపే ఐఓటాప్‌ను రూట్‌గా (అడ్మిన్ హక్కులతో), చిన్న ఓ, పెద్ద పీ, చిన్న ఏ అనే మూడు ఆప్షన్లతో నడిపి పది నిమిషాలు వదిలేయండి. పని చేసిన ప్రాసెస్‌లు మాత్రమే కనిపిస్తాయి, ఒక్కొక్కటి మొత్తం ఎంత చదివిందో, ఎంత రాసిందో కూడి చూపిస్తుంది. ఆ జాబితాలో కనిపించే పేరును బట్టే తరువాతి అడుగు.

లక్షణం: డిస్కు కొత్తది, ఖాళీది, అయినా గంటల తరబడి ఆగదు

నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది ఇదే. 4 టీబీ డిస్కు కొని, ఈఎక్స్‌టీ4 అనే లైనక్స్ ఫైల్‌సిస్టమ్‌తో ఫార్మాట్ చేసి మౌంట్ చేశాను (సిస్టమ్‌కు జోడించాను). ఒక్క ఫైలు కూడా పెట్టలేదు. సాయంత్రం మొదలైన టిక్‌టిక్ మరునాటి ఉదయం కాఫీ వేళకు కూడా వినిపిస్తూనే ఉంది. తిరిగి ఇచ్చేద్దామని డబ్బా కూడా వెతికి పెట్టుకున్నాను. చివరి ప్రయత్నంగా ఐఓటాప్ తెరిస్తే ఒకే ఒక్క పేరు: ఈఎక్స్‌టీ4లేజీఇనిట్.

ఫార్మాట్ అంత త్వరగా ముగియడానికి కారణం, అసలు పనిలో కొంత భాగాన్ని వాయిదా వేయడమే. ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ (ఆ ఫైలు వివరాలు ఉండే చిన్న నమోదు) కావాలి. ఈ పరిమాణం డిస్కులో మామూలు అమరికతో ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున, ఒక్కొక్కటి 256 బైట్లతో లెక్క వేస్తే ఐనోడ్ పట్టికలకే దాదాపు 60 జీబీ అవుతుంది. ఆ చోటంతా సున్నాలతో నింపే పనిని ఫార్మాట్ సమయంలో చేయకుండా, మౌంట్ అయిన తరువాత కెర్నల్ (లైనక్స్ మూల భాగం) వెనకాల నెమ్మదిగా చేస్తుంది. మన పనికి అడ్డు రాకూడదని, ఆ పట్టికల్లో ఒక గుంపును నింపడానికి పట్టిన సమయానికి పది రెట్లు ఆగి తరువాతి గుంపును అందుకుంటుంది. టిక్కు, విరామం, మళ్లీ టిక్కు అన్న ఆ లయ అక్కడి నుంచి వచ్చిందే.

డిస్కుకు ఏమీ కాలేదు. దాన్ని అలాగే వదిలేస్తే పని పూర్తయ్యాక తనంతట తానే ఆగిపోతుంది. త్వరగా ముగించాలంటే ఇనిట్_ఐటేబుల్=0 అనే ఆప్షన్‌తో రీమౌంట్ చేయండి, మధ్యలో ఆగకుండా నింపేస్తుంది. ఇంకా ఫార్మాట్ చేయనివారు లేజీ_ఐటేబుల్_ఇనిట్=0 పెట్టి చేస్తే ఆ సమయమంతా అప్పుడే పడుతుంది, తరువాత నిశ్శబ్దం.

లక్షణం: కొన్ని సెకన్లకొకసారి చిన్న రాత, ఐఓటాప్‌లో జేబీడీ2 పేరు తప్ప మరేదీ లేదు

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. జేబీడీ2 ఫైల్‌సిస్టమ్ జర్నల్‌ను (మార్పుల చిట్టాను) రాసే కెర్నల్ థ్రెడ్. అది ఉత్తరాలు చేరవేసే పోస్ట్‌మ్యాన్ లాంటిది, రాసినవారు వేరే ఉంటారు. మామూలుగా 5 సెకన్లకొకసారి పోగైన మార్పులను డిస్కుకు చేరుస్తుంది కాబట్టి, ఏ ప్రోగ్రామ్ ఎంత చిన్న మార్పు చేసినా చప్పుడు ఆ లయలోనే వస్తుంది.

రాసినవారిని పట్టుకోవడానికి ఫాట్రేస్ అనే ప్రోగ్రామ్ ఉంది. రాతలను మాత్రమే చూపేలా నడిపితే ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలును తాకిందో వరుసగా చూపిస్తుంది. ఒక జాగ్రత్త: ఆ ఫలితాన్ని అదే డిస్కులో సేవ్ చేయకండి, అదే కొత్త రాత అవుతుంది.

దొరికే దోషి చాలాసార్లు మీడియా సర్వర్ సొంత డేటాబేస్, లేదా దాని లాగ్ ఫైలు. సర్వర్‌ను డాకర్‌లో (ప్రోగ్రామ్‌ను కంటెయినర్ అనే విడి పెట్టెలో నడిపే పద్ధతిలో) పెట్టుకున్నవారు అన్నీ ఒకేచోట ఉంటాయని కాన్ఫిగ్ ఫోల్డర్‌ను కూడా సినిమాల డిస్కులోనే పెడతారు. కంటెయినర్ ఆపి, ఆ ఫోల్డర్‌ను ఎస్‌ఎస్‌డీకి మార్చి, కొత్త దారి ఇచ్చి తిరిగి నడపండి. ట్రాన్స్‌కోడింగ్ (వీడియోను వేరే రూపంలోకి మార్చే పని) తాత్కాలిక ఫోల్డర్‌ను కూడా అక్కడికే మార్చండి. సినిమాల డిస్కులో సినిమాలే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. టోరెంట్ క్లయింట్ ఉంటే, అది సీడింగ్ చేస్తున్నంతకాలం (ఫైళ్లను ఇతరులకు పంపుతున్నంతకాలం) డిస్కుకు విశ్రాంతి ఉండదు.

డిస్కులను ఎలా మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో నోఎటైమ్ అనే ఆప్షన్ చేర్చితే, ఫైలు చదివిన ప్రతిసారీ సమయం నమోదు చేసే రాత కూడా తప్పుతుంది. లైనక్స్ 2009 నుంచి ఆ నమోదును చాలావరకు తగ్గించే రెల్‌ఎటైమ్‌నే మామూలు పద్ధతిగా వాడుతోంది కాబట్టి దీనివల్ల పెద్ద తేడా ఆశించకండి.

లక్షణం: వేళ తప్పకుండా వచ్చే హడావుడి

రాత్రి 2 నుంచి 5 మధ్య అయితే ప్లెక్స్ నిర్వహణ పనులకు మామూలుగా కేటాయించిన సమయం అదే. జెల్లీఫిన్‌లో అయితే డాష్‌బోర్డులోని షెడ్యూల్డ్ టాస్క్‌లు చూడండి. లైబ్రరీ స్కాన్ మామూలుగా 12 గంటలకొకసారి నడుస్తుంది. వీడియోను ముందుకు జరిపేటప్పుడు కనిపించే చిన్న బొమ్మల తయారీ అన్నిటికన్నా భారం, ఎందుకంటే ఫైలు మొత్తం చదవాలి. వాడకపోతే ఆపేయండి. రోజుకొకసారి అప్‌డేట్‌డీబీ (ఫైళ్ల పేర్ల సూచిక తయారుచేసే ప్రోగ్రామ్) కనిపిస్తుంటే దాని కాన్ఫిగ్‌లోని ప్రూన్‌పాత్స్‌లో (వదిలేయాల్సిన ఫోల్డర్ల జాబితాలో) సినిమాల ఫోల్డర్ చేర్చండి.

నెలలో మొదటి ఆదివారం రాత్రి ఒంటిగంట ప్రాంతంలో మొదలైతే అది డెబియన్‌లో రెయిడ్ (ఒకటి పోయినా డేటా మిగిలేలా డిస్కులను కలిపి వాడే పద్ధతి) తనిఖీ. రెయిడ్ స్థితి చూపే ఎండీస్టాట్‌లో చెక్ అని కనిపిస్తుంది. దీన్ని మాత్రం దయచేసి శాశ్వతంగా ఆపకండి. ఒక డిస్కు పోయి, మిగిలినదాని మీద ఆధారపడే రోజున, ఇన్నాళ్లూ ఎవరూ చదవని మూలలో ఒక పాడైన సెక్టరు బయటపడితే మీ వీడియోలు తిరిగి రాకపోవచ్చు. ఇబ్బందిగా ఉంటే పగటిపూటకు మార్చండి, లేదా రెయిడ్ గరిష్ఠ వేగ పరిమితిని సెకనుకు మామూలు 2,00,000 నుంచి 50,000 కేబీకి తగ్గించండి.

లక్షణం: నిద్రపోయిన డిస్కు అరగంటకొకసారి మేలుకుంటోంది

డిస్కు ఆరోగ్యాన్ని వెనకాల గమనించే స్మార్ట్‌డీ మామూలుగా 1800 సెకన్లకొకసారి డిస్కును పలకరిస్తుంది. దాని కాన్ఫిగ్‌లోని డివైస్‌స్కాన్ వరుసకు చిన్న ఎన్, ఆ తరువాత స్టాండ్‌బై అని చేర్చితే నిద్రలో ఉన్న డిస్కును లేపదు. అసలు నిద్రే పోవడం లేదంటే, డిస్కు అమరికలు మార్చే హెచ్‌డీపార్మ్ కమాండ్‌లో పెద్ద ఎస్ విలువ (ఎంతసేపు పని లేకపోతే నిద్రపోవాలో) చూడండి. 240 వరకు ఒక్కో అంకె 5 సెకన్లు, కాబట్టి 120 అంటే 10 నిమిషాలు. 241 నుంచి లెక్క మారి ఒక్కో అంకెకు అరగంట అవుతుంది, 242 అంటే గంట.

లక్షణం: చప్పుడు ఉంది, పని లేదు

డిస్కు చదువు, రాతల లెక్క చూపే ఐఓస్టాట్‌ను 5 సెకన్ల విరామంతో నడిపితే ఆ డిస్కు వరుసలో చదువు, రాత రెండూ సున్నా. అంటే కదలిక డిస్కు లోపలిది. ఎస్‌ఎంఆర్ (డేటా వరుసలను ఒకదానిపై ఒకటి కొంత కప్పేలా రాసే) డిస్కు అయితే పెద్ద కాపీ తరువాత తన డేటాను తానే సర్దుకుంటుంది, కాసేపు కరెంటు తీయకుండా వదిలేయండి. హెడ్‌ను మాటిమాటికీ పక్కకు పెట్టే డిస్కు అయితే స్మార్ట్‌సీటీఎల్ నివేదిక 193వ వరుసలోని అంకె వేగంగా పెరుగుతుంటుంది. హెచ్‌డీపార్మ్‌లో పెద్ద బీ విలువ (విద్యుత్ పొదుపు స్థాయి) 254గా పెట్టి చూడండి, కొన్ని మోడళ్లు దీన్ని పట్టించుకోవు. ఈరోజు ఆ అంకెను ఒక కాగితం మీద రాసి సర్వర్‌కు అతికించి, వారం తరువాత పోల్చండి.