జీవిత చరిత్ర చదవాలంటే ముందు మూడు తేదీలు పట్టుకోండి

పుస్తకం తెరవగానే మొదటి అధ్యాయంలోకి దూకకండి. ఒక తెల్లకాగితం తీసుకుని మూడు కాలాలు రాసుకోండి: సంఘటనలు ఎప్పుడు జరిగాయి, వాటిని ఎప్పుడు రాశారు, ఎప్పుడు అచ్చయ్యాయి. మొదటిది విషయసూచిక తిరగేస్తే తెలుస్తుంది. రెండోది ముందుమాటలో ఉంటుంది. మూడోది ప్రచురణ వివరాల పేజీలో దొరుకుతుంది. అక్కడ తాజా ముద్రణ సంవత్సరం కాకుండా తొలి ముద్రణ సంవత్సరం చూడాలి. అనువాదమైతే మూలం ఎప్పుడు వెలువడిందో కూడా కావాలి.

సంఘటనకూ రాతకూ మధ్య ముప్పై ఏళ్లు గడిస్తే, అందులోని సంభాషణలు ఉన్నవి ఉన్నట్టు గుర్తుండే అవకాశం దాదాపు లేదు. రాతకూ అచ్చుకూ మధ్య ఎడం ఉంటే, ఆలోగా ఇంకెవరి చేయి పడిందో చూడాలి. చార్లెస్ డార్విన్ 1876లో ఇంట్లోవాళ్ల కోసం తన జీవితం గురించి రాసుకున్నాడు. 1882లో చనిపోయాడు. 1887లో కొడుకు ఫ్రాన్సిస్ దాన్ని అచ్చు వేయించినప్పుడు మతం గురించి తండ్రి రాసిన కొన్ని భాగాలు తీసేశారు. అవి కుటుంబానికి ఇబ్బంది కలిగించేవి. మనవరాలు నోరా బార్లో 1958లో వాటిని తిరిగి చేర్చింది. అంటే పాత ప్రతి చదివినవారికీ కొత్త ప్రతి చదివినవారికీ దేవుడి విషయంలో ఇద్దరు వేర్వేరు డార్విన్‌లు కనిపిస్తారు. అందుకే కొనేముందు, అరువు తెచ్చుకునేముందు 'సంక్షిప్త', 'పరిష్కృత', 'సంపూర్ణ' అనే మాటల కోసం అట్టమీదా ముందుమాటలోనూ వెతకండి. ఏ మాటా లేకుండా, పేజీల సంఖ్య మాత్రం మరో ప్రతి కంటే బాగా తక్కువగా ఉంటే కత్తిరించారేమోనని అనుమానించాల్సిందే.

ఆత్మకథల్లో ఇంకో తేదీ కూడా ముఖ్యం: కథ ఎక్కడ ఆగిపోయింది? గాంధీ ఆత్మకథ 1925 నుంచి వారపత్రికలో భాగాలుగా వచ్చింది, కథ మాత్రం 1921 ప్రాంతంలోనే ఆగిపోతుంది. 1930 నాటి ఉప్పు సత్యాగ్రహం కోసం అందులో వెతికితే దొరకదు. అమెరికా నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1771లో మొదలుపెట్టి, మధ్యమధ్య ఆపుతూ రాసిన కథ 1750ల చివరి దాకానే వస్తుంది. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన అందులో లేదు. అమెరికా సేనాని, తర్వాత అధ్యక్షుడు అయిన యులిసిస్ గ్రాంట్ 1885లో క్యాన్సర్‌తో పోరాడుతూ పూర్తిచేసిన జ్ఞాపకాల్లో అంతర్యుద్ధం నిండుగా ఉంది, ఎనిమిదేళ్ల అధ్యక్ష పదవి గురించి దాదాపు ఏమీ లేదు. ఏ పని వల్ల ఆ మనిషి పేరు మనకు తెలుసో, అది ఆ పుస్తకంలో ఉందో లేదో ముందే చూసుకుంటే సగంలో నిరాశపడనక్కర్లేదు.

ఇతరులు రాసిన జీవిత చరిత్రలైతే కృతజ్ఞతల పేజీ మొదట చదవండి. చాలామంది వదిలేసే ఆ రెండు పేజీల్లోనే అసలు సమాచారం ఉంటుంది. కుటుంబం ఉత్తరాలు ఇచ్చిందా? ఇచ్చినందుకు షరతులేమైనా పెట్టిందా? రచయిత ఆ వ్యక్తి దగ్గర పనిచేశాడా? కుటుంబం అనుమతితో రాసిన పుస్తకానికి కాగితాలు బాగా దొరుకుతాయి, మొహమాటాలూ ఉంటాయి. అనుమతి లేని పుస్తకంలో ధైర్యం ఉంటుంది, ఆధారాలు పల్చగా ఉండొచ్చు. రెంటిలో ఏది మేలని ముందే తీర్పు చెప్పలేం. ఆత్మకథ అట్ట మీద రెండో పేరు చిన్న అక్షరాల్లో ఉంటే, శైలిని బట్టి ఆ ప్రముఖుడి స్వభావం అంచనా వేయకండి. వాక్యాలు ఆ రెండో మనిషివి కావచ్చు.

ఇక చదవడం మొదలయ్యాక, నోటుపుస్తకంలో ఒక పేజీని నాలుగు గడులుగా గీయండి: సంవత్సరం, వయసు, సంఘటన, పేజీ నంబరు. వయసు గడి మానేయకండి. 'ఆ తర్వాత కొంతకాలానికి' అని రచయిత దాటేసిన చోట ఎంత కాలం జారిపోయిందో ఆ గడే పట్టిస్తుంది. ప్రతి అధ్యాయానికీ మూడు నాలుగు పంక్తులు చాలు. అంతకు మించి రాస్తే పదో అధ్యాయం దాటకముందే విసుగొచ్చి నోటుపుస్తకం మూతపడుతుంది.

సగం పూర్తయ్యాక లెక్క చూడండి. డెబ్బై ఏళ్ల జీవితానికి 400 పేజీలైతే ఏడాదికి సగటున ఆరు పేజీల లోపే. ఒక్క ఏడాదికి నలభై పేజీలు పడి, మరో అయిదేళ్లకు మూడు పేజీలే దక్కితే కారణం వెతకండి. ఒక్కోసారి అది మామూలు కారణమే: కాగితాలు అప్పటివే మిగిలాయి. ఇంగ్లిష్ రచయిత శామ్యూల్ జాన్సన్ జీవిత చరిత్ర రాసిన జేమ్స్ బాస్వెల్ 1763లో ఆయన్ను కలిసేనాటికి జాన్సన్‌కు 53 ఏళ్లు. 1791లో వచ్చిన పుస్తకంలో ఆ 53 ఏళ్లకు దక్కిన చోటు సగం కంటే బాగా తక్కువ. బాస్వెల్ కళ్లారా చూసింది ఆ తర్వాతి జీవితం కాబట్టి. ఆత్మకథలో మాత్రం అలాంటి ఖాళీ కనిపిస్తే అక్కడ ఓటమో, విడిపోవడమో, కోర్టు గొడవో ఉండే అవకాశం ఎక్కువ.

కొటేషన్ గుర్తుల మధ్య సంభాషణ వచ్చినప్పుడల్లా పుస్తకం చివర నోట్సుకు వెళ్లనక్కర్లేదు. మలుపు తిప్పే సంభాషణలకు మాత్రం వెళ్లండి. ఆధారం ఆనాటి డైరీయో ఉత్తరమో అయితే బలమైనది. దశాబ్దాల తర్వాత ఇచ్చిన ఇంటర్వ్యూ అయితే పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి. నోట్సే లేని పుస్తకమైతే సంభాషణల్ని కల్పన కింద లెక్కేసి, తేదీలూ ఊళ్లూ మాత్రం తీసుకోండి. 'ఆ క్షణంలో ఆయన మనసులో ఇలా అనుకున్నాడు' అని ఇతరులు రాసిన పుస్తకంలో కనిపిస్తే, అది ఎవరు చెప్పగా తెలిసిందని అడగడం న్యాయమే.

తాతముత్తాతల అధ్యాయం దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. దాన్ని వదిలేసి పుట్టుక నుంచి మొదలుపెట్టండి. తర్వాత ఎవరైనా బంధువు పేరు ముఖ్యమై ఎదురైనప్పుడు ఇండెక్స్ చూసి వెనక్కి రావచ్చు. పేర్లు కలగాపులగమవుతుంటే అట్ట లోపలివైపు అంటించిన చిన్న చీటీలో పది పన్నెండు మంది పేర్లూ వాళ్ల వరసలూ రాసుకోండి. రోజుకు పాతిక ముప్పై పేజీలు చదివితే లావుపాటి పుస్తకం కూడా రెండు మూడు వారాల్లో పూర్తవుతుంది. వారాల తరబడి ఆపితే పేర్లు మళ్లీ మొదటికొస్తాయి.

అదే వ్యక్తి మీద రెండో పుస్తకం తీసుకుంటే మొత్తం చదవనక్కర్లేదు. మీ నాలుగు గడుల పట్టికలో ప్రశ్నార్థకం పెట్టిన మూడు సంఘటనలు ఎంచుకుని, ఇండెక్స్ సాయంతో ఆ పేజీలు మాత్రం పక్కపక్కన పెట్టి చూడండి. రెండు పుస్తకాలూ ఒకే మాట చెబితే నోట్సులో ఆధారం కూడా ఒకటేనేమో చూడాలి. ఒకటే అయితే అది ఇద్దరి సాక్ష్యం కాదు, ఒక్కరిదే. విభేదిస్తే, సంఘటన జరిగిన తేదీకి దగ్గరగా రాసిన కాగితం ఎవరి దగ్గరుందో వాళ్ల మాట పట్టికలోకి ఎక్కించి, రెండోదాన్ని పక్కనే పెన్సిల్‌తో రాసి ఉంచండి.