ఏసీ హోరు లేకుండా సందేశం రికార్డు చేశాం

మా మీడియా పరిచర్యలో వేసవి అంటే రికార్డింగుల కాలం. ఈసారి మొదటి రోజే టెన్షన్. పాస్టర్ గారి మాటల వెనక సన్నగా ఏసీ హోరు. ఏసీ ఆపితే అరగంటకే గది ఉడికిపోయి, కెమెరా వేడెక్కి ఆగిపోయింది.

ముందు ఎడిటింగ్‌లో నాయిస్ రిడక్షన్ గట్టిగా పెట్టాను. హోరు పోయింది గానీ, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోయింది. ఈ సందేశాలు వినేవాళ్లలో గుడికి రాలేని పెద్దవాళ్లు చాలామంది. వాళ్లకు ప్రార్థన అలా వినబడకూడదు.

అసలు తప్పు మైకు దూరంలో ఉంది. 60 సెంటీమీటర్ల నుంచి 30కి దగ్గర చేశాను. దూరం సగమైతే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది హోరు మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలో చెప్పే సెట్టింగు) ఆ మేరకు తగ్గించి, 80 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకంటే కింది బొంగురు శబ్దాలను తగ్గించే ఫిల్టర్) వేశాను. గదిని ముందే చల్లబరిచి, రికార్డింగప్పుడు ఏసీ ఫ్యాన్‌ను తక్కువ వేగంలో ఉంచాం.

ఇంకొకటి, ఇది తప్పక చేయండి: మొదలుపెట్టే ముందు 30 సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది శబ్దాన్ని రికార్డు చేసుకోండి. దగ్గు తీసేసిన చోట అదే పరిచాను, అతుకు తెలియలేదు.