“ఆపరేషన్ ఎవరి నిర్ణయం?” అని అడగకండి

తల్లుల ఆరోగ్యం మీద సర్వేకు బయలుదేరే విద్యార్థులు ఏటా తమ ప్రశ్నావళి తెచ్చి నాకు చూపిస్తారు. దాదాపు ప్రతిదానిలోనూ “కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఎవరి నిర్ణయం?” అనే ప్రశ్న ఉంటుంది. దాన్ని కొట్టేయమంటాను. నా మొదటి సర్వేలో, చంద్రగిరి దగ్గరి పల్లెల్లో, నేనూ అదే అడిగాను. “ఇద్దరం అనుకునే చేయించాం” అని ఇంటింటా ఒకటే జవాబు. సాయంత్రం బస్సు దాకా తోడు వచ్చిన ఒకావిడను, మాట కలపడానికి, ఆ రోజు ఆసుపత్రిలో పక్కన ఎవరున్నారని అడిగాను. రెండో కాన్పు నొప్పుల్లో ఉండగానే అత్తగారూ భర్తా మాట్లాడుకుని కాగితం తెచ్చారని, తాను వేలిముద్ర వేశానని చెప్పింది. మధ్యాహ్నం “ఇద్దరం” అన్నది కూడా ఆవిడే.

కాబట్టి ఆ రోజు గురించి అడగండి. ఆపరేషన్ మాట ఇంట్లో మొదట ఎవరు ఎత్తారు? అప్పటికి మీకు ఎన్నో నెల? కాగితం చదివి వినిపించారా? మాత్రలో, కాపర్-టీయో వాడవచ్చని ఎవరైనా చెప్పారా? మీ ఆయన చేయించుకునే మాట వచ్చిందా?

ఈ చివరి ప్రశ్నకు చాలామంది నవ్వేస్తారు. ఆ నవ్వును కూడా కాగితం మీద రాయండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. భర్త చేయించుకున్న జంటలు ఒక శాతం కూడా లేవు. స్త్రీకి పొట్ట దగ్గర కోత పెట్టాలి. మగవాళ్లకు కుట్లు కూడా అక్కరలేని పద్ధతి ఉంది, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అయినా భారం ఎవరి మీద పడుతోందో చూడండి. మగవాళ్లతో మాట్లాడటానికి మీ బృందంలోని అబ్బాయిలను పంపండి. “బరువులు ఎత్తలేం, నీరసం వస్తుంది” అంటారు. మధ్యలో వాదించకుండా వాళ్ల మాటల్లోనే రాసుకోండి. అది నిజం కాదని అన్నీ అడగడం అయ్యాక నిదానంగా చెప్పండి.

వెళ్లే వేళ ముఖ్యం. చిత్తూరు పల్లెల్లో పొద్దునా సాయంత్రమూ పాలు పితకడం, కేంద్రంలో పోయడం ఉంటుంది. పదకొండు నుంచి రెండు వరకు కాస్త తీరిక దొరుకుతుంది. తిరుపతిలో అయితే గంగమ్మ జాతర వారంలో అసలు పెట్టుకోకండి. నగరి, కుప్పం వైపు తమిళం వచ్చినవారిని వెంట తీసుకెళ్లండి. ఆశా కార్యకర్త ఇల్లు చూపిస్తే చాలు, గదిలో కూర్చోకూడదు. ఆమె ఎదురుగా ఆమె సేవల గురించి నిజం చెప్పమనడం ఇద్దరికీ అన్యాయం.

అత్తగారు పక్కనుంటే కోడలు నోరు విప్పదు. లేచి వెళ్లమని ఆమెను అవమానించకండి. ఎప్పుడూ ఇద్దరు వెళ్లండి. ఒకరు పెద్దావిడను వసారాలో కూర్చోబెట్టి ఆమె కాన్పుల గురించి అడగాలి. ఆమెకూ చెప్పుకోవాల్సింది చాలా ఉంటుంది, ఎవరూ అడగలేదు కనుక.

కొత్తవారు తరచూ మరిచే సంగతి ఒకటుంది. తొలి చూలాలు సీమంతం అయ్యాక పుట్టింటికి వెళ్తుంది. అత్తవారి ఊళ్లో మాత్రమే లెక్క తీస్తే నెలలు నిండినవారు, పచ్చి బాలింతలు జారిపోతారు. ఆ ఊరికి కాన్పుకు వచ్చిన ఆడపడుచులను కూడా అడగాలో లేదో ముందే తేల్చుకోండి.

“ఎంతమంది పిల్లలు?” అంటే బతికున్నవారినే చెబుతారు. మీ దగ్గరున్నవారు, వేరే చోట ఉన్నవారు, పుట్టి పోయినవారు అని విడివిడిగా అడగండి. పుట్టగానే ఏడ్చినా, కదిలినా, ఆ తర్వాత నిలవని బిడ్డ ఉన్నారా అని కూడా మెల్లగా అడగండి. అక్కడ తొందరపడవద్దు. కన్నీళ్లు వస్తే పెన్ను పక్కన పెట్టండి.

ఇంటిపని గురించి “మీ ఆయన సాయం చేస్తారా?” అన్నా పనికిరాదు. నిన్న లేచినప్పటి నుంచి ఒక్కో పనీ చెప్పమనండి. పాలు పోసి వచ్చాక ఏం చేశారు, అప్పుడు ఆయన ఏం చేస్తున్నారు? 2019 కాల వినియోగ సర్వే కూడా ఇలాగే ముందు రోజు నాలుగు గంటల వేకువ నుంచి లెక్క కట్టింది. ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది.

కాగితం మీద పేరు వద్దు, అంకె వేయండి. ఇష్టం లేని ప్రశ్న వదిలేయవచ్చని మొదట్లోనే చెప్పండి. దెబ్బల మాట బయటపడితే సర్వే ఆపేసి మహిళల సహాయవాణి 181 నంబరు చెప్పండి. ఆమె కోరితేనే రాసివ్వండి, ఆ చీటీ ఇంట్లో ఎవరి కంటనైనా పడితే ఆమెకే ప్రమాదం.

అన్నీ అయ్యాక పుస్తకం మూసి, “నేను అడగనిది ఏమైనా ఉందా అమ్మా?” అనండి. తర్వాత కనీసం ఒక నిమిషం కదలకుండా కూర్చోండి.